ఆఫీసు నడుపుతూ ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు ఇలా అర్థమైంది. ఆర్కిటెక్చర్ డిగ్రీ బి.ఆర్క్ అయి ఆరేళ్లయింది, అమలాపురంలో సొంత ఆఫీసు, చేతిలో ఇళ్లు, ఒకటి రెండు కల్యాణ మండపాలు. ఆర్కిటెక్టులను నమోదు చేసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు ఉంది, పీజీ అంటే ఎం.ఆర్క్ లేదు. కళాశాలలో చెప్పాలని ఉంది. పీహెచ్‌డీ తప్పదా, ఆఫీసు మూసేయాలా, జీతంతో ఇల్లు గడుస్తుందా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా చెప్పేస్తాను: పీహెచ్‌డీ ఇప్పుడే అవసరం లేదు, ఎం.ఆర్క్ తప్పదు, ఆఫీసు మూయవద్దు. నేనూ భీమవరంలో చిన్న ఆఫీసు నడుపుతూనే 2014లో విజయవాడ వైపు ఒక కళాశాలలో వారానికి రెండు రోజులు చెప్పడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున రైలెక్కితే ఆకివీడు, కైకలూరు, గుడివాడ దాటేసరికి ఆ రోజు పాఠం తయారయ్యేది. తయారైందని నేను అనుకునేవాణ్ణి.

మొదటి రోజు పాఠం పునాదుల మీద. యాభై నిమిషాల తరగతి. నాకు తెలిసినదంతా ఇరవై నిమిషాల్లో చెప్పేశాను. మిగిలిన అరగంట ఏం చేయాలో తోచక హాజరు రెండుసార్లు తీసుకున్నాను. వృత్తిలో పండినవాళ్లు తరగతిలో ఇలాగే తడబడతారు. మనం పదేళ్లలో నేర్చుకున్నది మనకు ఒక్క మాటగా గుర్తుంటుంది, ఆ ఒక్క మాటే చెప్పి ఊరుకుంటాం. పిల్లలకు కావలసింది దాని వెనక ఉన్న పదేళ్లు.

రెండో వారం అదే పాఠాన్ని నా తప్పుతో మొదలుపెట్టాను. పాలకొల్లు దగ్గర మెరక తోలిన వరి చేలో ఒకరికి ప్రహరీ గోడ కట్టించాను. యజమాని ఖర్చు తగ్గించమన్నాడు, ప్రహరీయే కదా అని నేనూ మామూలు పునాది వేయించాను. రెండో వేసవికి గోడ మధ్యలో నిలువునా చీలి వీధి వైపు వాలింది. అడుగున నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, దాని మీద ఉన్నదాన్ని ఊపుతుంది. ఆ పగులులో నా అరచెయ్యి దూర్చి తీసిన ఫోటో తెర మీద పెట్టగానే వెనక వరుస కూడా లేచి కూర్చుంది. ఉపరితలం దగ్గర ఊగే ఆ మట్టి సుమారు 3.5 మీటర్ల దిగువకు వెళ్లేసరికి ఎందుకు నిలకడగా ఉంటుందో, అడుగున ఉబ్బు ఉండే పునాది స్తంభాలు, అంటే అండర్‌రీమ్డ్ పైల్స్, అక్కడ ఎలా పట్టు దొరకబుచ్చుకుంటాయో, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాటి మీద అంత కాలం ఎందుకు పనిచేసిందో చెప్పడానికి ఆ రోజు గంట చాలలేదు. మీ దగ్గరా ఇలాంటి పగుళ్లు ఉండే ఉంటాయి. దాచుకోకండి, అవే మీ పాఠాలు.

ఇక అర్హతల మాట. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి బి.ఆర్క్, ఎం.ఆర్క్ రెండూ అడుగుతారు, రెండింటిలో ఒకదానిలోనైనా ప్రథమ శ్రేణి ఉండాలి. మీ కౌన్సిల్ నమోదు గడువు దాటకుండా చూసుకోండి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవడానికే వీలు లేదు. కళాశాలలో ఇంటర్వ్యూకు వెళ్తే మొదట చూసేదీ అదే. దూరవిద్యలో ఎం.ఆర్క్ ఇప్పిస్తామని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. ఆర్కిటెక్చర్‌కు ఆ పద్ధతి చెల్లదు.

ఎం.ఆర్క్ అంటే రెండేళ్లు పూర్తిగా కూర్చొని చదవాలి. పీజీ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్షలో ఆర్కిటెక్చర్, ప్లానింగ్ పేపరు రాయండి. మంచి స్కోరు వస్తే ప్రభుత్వ సంస్థల్లో సీటుతో పాటు నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం దొరుకుతుంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఈ ఏడు రాసి వచ్చే ఏడు చేరినా ఫరవాలేదు. మనకు దగ్గరలో విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, 2008లో పెట్టారు. సుస్థిర నిర్మాణం, ల్యాండ్‌స్కేప్, పాత కట్టడాల పరిరక్షణ వంటి కోర్సులున్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఏ అంశం తీసుకోవాలన్నది మాత్రం ఉద్యోగాల లెక్క చూసి తేల్చుకోకండి. కోనసీమలో ఉన్న మీరు పరిరక్షణ తీసుకుంటే మీ ఇంటి చుట్టూ ఉన్నదే మీ ప్రయోగశాల అవుతుంది. ఇది నా పక్షపాతం, నేను చదివిందీ అదే. పీహెచ్‌డీ సంగతి పై మెట్టు ఎక్కాలనుకున్నప్పుడు చూసుకోవచ్చు. జాతీయ సంస్థల్లో చేరాలని ఇప్పుడే మనసులో ఉంటే మాత్రం ఎం.ఆర్క్ చదివేటప్పుడే మార్గదర్శిని వెతుక్కోండి.

ఎం.ఆర్క్ పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు. ప్రాక్టీసులో ఉన్నవాళ్లను విజిటింగ్ అధ్యాపకులుగా, పిల్లల డిజైన్లు చూసి ప్రశ్నలడిగే జ్యూరీలో సభ్యులుగా కళాశాలలు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి. మీకు చదువు చెప్పిన మాస్టారికి ఒక ఫోను చేసి, సెమిస్టరు చివరి జ్యూరీకి వస్తానని అడగండి. నేను అలాగే లోపలికి వెళ్లాను, అక్కడే నాకు దెబ్బ తగిలింది కూడా.

మూడో సంవత్సరం డిజైన్ స్టూడియో, అంటే పిల్లలు కట్టడాలు గీసే తరగతి. నరసాపురంలో చేపల మార్కెట్టు గీయమన్నాం. ఒక అమ్మాయి చేపల వేలంపాట జరిగే తిన్నెను ప్లానులో బాగా వెనక్కి పెట్టింది. నాకు ఆగలేదు. పెన్ను తీసి ఆమె షీటు మీదే తిన్నెను ముందుకు జరిపాను, లారీ వచ్చే దారి మార్చాను, రెండు గోడలు కొట్టేశాను. పది నిమిషాల్లో ప్లాను చక్కగా కుదిరింది. నాకు తృప్తిగా ఉంది, ఆ అమ్మాయి తల ఊపింది. జ్యూరీ రోజున బయటి నుంచి వచ్చిన పెద్దాయన అడిగారు: “ఐసు ఎక్కడ దించుతారమ్మా?” ఆ అమ్మాయి సమాధానం చెప్పకుండా నా వైపు చూసింది. ఆయన కూడా నా వైపు చూశారు. ఐసు సంగతి నేనూ ఆలోచించలేదు.

తరువాత కారిడార్‌లో కలిసి ఎందుకు మాట్లాడలేదని అడిగితే, “అది మీరు గీసింది కదా సార్” అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న మాట అంది. ఆ తరువాత నుంచి స్టూడియోలో పెన్ను ముట్టుకోవడం మానేసి ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాను. తెల్లవారి నాలుగింటికి చేపల ట్రే నెత్తిన పెట్టుకున్న మనిషి ఏ గుమ్మం నుంచి వస్తాడు? కడిగిన నీళ్లు ఎటు పోతాయి? తెలియకపోతే వెళ్లి చూసి రా. మరుసటి సెమిస్టరులో అదే అమ్మాయి ఆకివీడు వెళ్లి తెల్లవారుజామున రెండు గంటలు నిలబడి వచ్చింది. నేల వాలు ఎటు ఉండాలో నాకే చెప్పింది. మనకు చెయ్యి తిరిగిన కొద్దీ ఈ నిగ్రహం కష్టమవుతుంది. రోజూ గీసేవాళ్లకు ఎదుటివాళ్ల తప్పు గీత కంటిలో నలుసులా ఉంటుంది.

చూసి రావడం అంటే గుర్తొచ్చింది. ఒకసారి రెండో సంవత్సరం పిల్లలను మీ కోనసీమకే తీసుకొచ్చాను, మండువా లోగిలి కొలిచి గీయడానికి. నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన పెంకుల కప్పు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ నగిషీ చెక్కిన టేకు స్తంభాలు. రెండు రోజులు టేపులు పట్టుకొని గది గదీ కొలిచారు. మూడో రోజు ఆ ఇంటి మామ్మగారు షీట్లు చూపించమని అడిగి, కళ్లజోడు పెట్టుకొని అన్నీ తిరగేశారు. “మాస్టారూ, మీ పిల్లలు గుమ్మం మీద చిలకల్ని కూడా లెక్కపెట్టారు. మరి వాన పడితే ఈ నీళ్లు ఎటు పోతాయో ఒక్కరూ అడగలేదే?” అన్నారు. చెంబు నిండా నీళ్లు తెచ్చి మండువాలో ఒంపారు. నీళ్లు ఒక మూలకు పాకి, వసారా కిందుగా వేసిన తూములో దిగి, కాసేపటికి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో తేలాయి. పిల్లలు గీసిన సెక్షనులో, అంటే ఇంటిని నిలువునా కోసి చూపే బొమ్మలో, నేల అంతా స్కేలు పెట్టి గీసిన ఒకే మట్టం. ఆ రాత్రి అందరూ సెక్షన్లు మళ్లీ గీశారు.

అక్కడి నుంచి వచ్చాక తరగతికి ప్లాస్టిక్ గొట్టం తీసుకెళ్లడం మొదలుపెట్టాను. నీళ్లు నింపి, ఒక కొస ఈ గోడకు, మరో కొస ఆ గోడకు పట్టించి మట్టం గుర్తు పెట్టమంటాను, మేస్త్రీలు సైటులో చేసినట్టే. తమ తరగతి నేల ఎంత వంకరగా ఉందో పిల్లలే కనిపెడతారు. ఇలాంటివాటికి మన ప్రాంతంలో కొదవ లేదు. పి.గన్నవరంలో కాలువ గోదావరి పాయను దాటే పాత అక్విడక్టు ఉంది, ద్రాక్షారామంలో రెండు అంతస్తుల గర్భాలయం ఉంది. వాటిని సెక్షనులో గీయించి చూడండి, ప్లాను ఒక్కటే గీస్తే కట్టడం అర్థం కాదని మీరు నోరు విప్పి చెప్పనవసరం ఉండదు.

కళాశాలను ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఒక చోట నాకు ఉద్యోగం ఇస్తామంటూనే, పాఠాలు చెప్పనవసరం లేదు, పేరు, నమోదు సంఖ్య ఇచ్చి తనిఖీ రోజున వచ్చి కూర్చుంటే చాలన్నారు. ఒప్పుకోకండి. రేపు నిజంగా మరో చోట చేరాలనుకున్నప్పుడు మీ పేరు అక్కడ అంటుకొని ఉంటుంది. ఇంకో చోట నా అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకొని, మానేస్తానన్నప్పుడు నాలుగు నెలలు తిప్పారు. అసలువి చూపించండి, నకళ్లు ఇవ్వండి, సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకోండి. చేరే ముందు అక్కడి స్టూడియోకి సాయంత్రం ఆరు గంటలకు వెళ్లి చూడండి. పిల్లలు ఇంకా గీస్తూ కనిపిస్తే మంచి చోటు. తాళం వేసి ఉంటే గోడ మీద ఎన్ని పతకాలు వేలాడుతున్నా ఆలోచించుకోండి.

డబ్బు విషయం. మొదట్లో నాకు గంటకు 600 రూపాయలు ఇచ్చేవారు. రైలు, ఆటో, రెండు పూటల భోజనం పోగా మిగిలేది మా అమ్మాయి సంగీతం ఫీజుకు సరిపోయేది. పూర్తికాలం ఉద్యోగం వచ్చాక ఇల్లు గడుస్తోంది, కానీ ప్రైవేటు కళాశాలలో జీతం ఏటా వేళకు పెరుగుతుందని లెక్క వేసుకోకండి. అందుకే ఆఫీసు మూయవద్దన్నాను. అధ్యాపకులకు కొంత ప్రాక్టీసు చేసుకోవడానికి చాలా కళాశాలలు ఒప్పుకుంటాయి, నియామక పత్రంలో రాయించుకోండి. మీరు పూర్తి చేసిన పనుల డ్రాయింగులు, తేదీలు, యజమానుల ఉత్తరాలు ఇప్పటి నుంచే ఒక ఫైలులో పెట్టండి. వృత్తి అనుభవాన్ని పై ఉద్యోగాలకు లెక్కలోకి తీసుకునేటప్పుడు నోటి మాట పనికిరాదు. బోధనలో మెలకువల కోసం పుణెలో కౌన్సిల్ నడిపే శిక్షణ కేంద్రం అధ్యాపకులకు కొద్ది రోజుల కార్యక్రమాలు పెడుతుంది, చేరిన మొదటి ఏడాదే ఒకదానికి వెళ్లండి.

నేను ఇప్పుడు ఏడాదికి రెండు ఇళ్లకు మించి ఒప్పుకోను. అయినా వైశాఖం వచ్చేసరికి ఆ రెండు ఇళ్ల గృహప్రవేశ ముహూర్తాలు, ఏడాది చివరి జ్యూరీలు ఒకే వారంలో పడతాయి. ఆ వారం రోజులు మా ఆవిడ నాతో పొడిపొడిగా మాట్లాడుతుంది. ఈ సంగతి మీ ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.