కరుణ అలవరచుకోబోతే కన్నీళ్లే మిగులుతున్నాయి

ప్రశ్న: నా వయసు 46. మంచాన పడిన అమ్మను నేనే చూసుకుంటున్నాను. చెల్లెలి కాపురంలో గొడవలు. రోజూ రాత్రి ఫోను చేసి ఏడుస్తుంది. ఆ తర్వాత తెల్లవారుజాము దాకా నాకు నిద్ర పట్టదు. కరుణ వల్ల మనసుకు శాంతి దొరుకుతుందని బౌద్ధం గురించి చదివి, కొన్నాళ్లుగా ధ్యానంలో చెల్లెలినే తలచుకుంటూ ‘నీ కష్టాలు తీరాలి’ అనుకుంటున్నాను. ప్రతిసారీ ఏడుపే వస్తోంది. మొన్న అమ్మ మాత్ర ఉమ్మేస్తే గట్టిగా కసిరాను. నాలో ఉన్నది కరుణా, నటనా?

జవాబు: నటన కాదు. నటించేవాళ్లకు నిద్ర బాగానే పడుతుంది.

చిక్కంతా మీరు ధ్యానం మొదలుపెట్టిన చోట ఉంది. క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు సింహళంలో రాసిన ధ్యాన గ్రంథం ‘విశుద్ధిమగ్గం’, మైత్రీ భావనను, అంటే ఇతరుల మేలు కోరే ధ్యానాన్ని, ఎవరితో మొదలుపెట్టకూడదో కూడా చెబుతుంది. పగవాడితో వద్దంటుంది. అది ఎవరైనా ఊహించగలిగేదే. ప్రాణంలా చూసుకునేవాళ్లతోనూ వద్దంటుంది. వాళ్లకు ఏ చిన్న కష్టం వచ్చినా సాధకుడికి ఏడుపు ముంచుకొస్తుందట. మీ ఉత్తరం చూసి రాసినట్టు లేదూ? ఆ గ్రంథం చెప్పిన వరుస ఇది: ముందు తనకు తాను, తర్వాత గురువులా గౌరవించే ఒక మనిషి, ఆపైన ఆప్తులు, ఆ తర్వాత ఇష్టమూ అయిష్టమూ లేనివాళ్లు, చివరికి పడనివాళ్లు. మీరు మొదటి రెండు మెట్లూ వదిలేసి నేరుగా మూడో మెట్టు మీద కాలు పెట్టారు.

ఆ గ్రంథంలోనే మీకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల సుఖానికి సంతోషించడం), ఉపేక్ష (సమభావం) అనే నాలుగు గుణాల్లో ఒక్కోదానికి ఒక దూరపు శత్రువు, ఒక దగ్గరి శత్రువు ఉంటారని అందులో చెప్పారు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. దాన్ని చూడగానే పోల్చుకుంటాం. దగ్గరి శత్రువు దుఃఖం. అది కరుణ వేషంలోనే వస్తుంది కాబట్టి ఆదరించి ఇంట్లో కూర్చోబెడతాం. తెల్లవారే దాకా మీరు మేలుకుని ఉన్నందువల్ల చెల్లెలి ఇంట్లో ఒక్క గొడవా తగ్గలేదు. మర్నాడు అమ్మకు మాత్ర ఇవ్వాల్సిన మనిషిలో ఓపిక మాత్రం తగ్గింది. మొన్నటి కసురు అక్కడినుంచి వచ్చిందేకానీ మీ గుణంలోంచి వచ్చింది కాదు. అమ్మ దగ్గర కూర్చుని ‘మొన్న విసుక్కున్నానమ్మా’ అని ఒక్కసారి అనేసి, ఆ సంగతి అక్కడితో వదిలేయండి.

మీరు నమ్మడానికి కాస్త సమయం తీసుకునే సంగతి ఇప్పుడు చెబుతాను. బుద్ధఘోషుడు ఒక సన్నివేశం ఊహించాడు. ఒక భిక్షువు పక్కన ముగ్గురు కూర్చున్నారు. ఒకరు ఇష్టుడు, ఒకరు ఏ సంబంధమూ లేనివాడు, ఒకరు గిట్టనివాడు. దొంగలు వచ్చి, బలి ఇవ్వడానికి మీలో ఒకరు కావాలన్నారు. ‘ఫలానావాణ్ణి తీసుకుపోండి’ అనుకుంటే ఆ భిక్షువు మైత్రి ఇంకా పండనట్టే. మరి ‘వీళ్లను వదిలి నన్ను తీసుకుపోండి’ అనుకుంటే? అప్పుడూ పండనట్టే అంటాడు ఆయన! ఎందుకంటే నలుగురిలో ఒకరికి కీడు కోరుకున్నాడు, ఆ ఒకరు తానే. నలుగురిలో ఏ ఒక్కరినీ ఇవ్వాలని మనసుకు తోచకపోతేనే తనకూ ఇతరులకూ మధ్య గోడలు కూలినట్టు. ఇంటి బరువంతా మోసేవాళ్లు చాలామంది ఆ రెండో జవాబు చెప్పి, అదే గొప్ప అనుకుంటారు. మీరూ అదే జవాబు రోజూ రాత్రి ఫోనులో చెబుతున్నారు.

అలాగని చెల్లెలిని వదిలేయమనడం లేదు. బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో గడ మీద విన్యాసాలు చేసే గురుశిష్యుల కథ ఉంది. నువ్వు నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతానంటాడు గురువు. అలా కాదు, ఎవరి నిలకడ వాళ్లు చూసుకుంటేనే ఇద్దరమూ క్షేమంగా దిగుతామంటుంది శిష్యురాలు. బుద్ధుడు శిష్యురాలి మాటే సరైనదన్నాడు. ఓర్పుతో, కరుణతో ఇతరులను కాపాడితే తననూ కాపాడుకున్నట్టేనని దానికి జోడించాడు కూడా. మీ నిలకడ కోసం ముందు ఫోను వేళ మార్చండి. ‘రాత్రి వద్దు, సాయంత్రం అరగంట నీకోసమే ఉంచుతాను’ అని చెప్పండి. ఆ అరగంట నిండుగా వినండి. చివర ‘నువ్వేం చేద్దామనుకుంటున్నావు?’ అని అడగండి. జవాబు మీరు ఇవ్వకండి. మొదట్లో అలుగుతుంది, అలగనివ్వండి. ఉపేక్ష అంటే ఇదే: పక్కనే ఉంటూ, నిర్ణయాన్ని ఆమె చేతుల్లోనే ఉంచడం. ‘నీ కర్మ’ అని ముఖం తిప్పుకోవడం మాత్రం ఉపేక్షకు దగ్గరి శత్రువు. ఆ మాట అనేవాళ్లకు బౌద్ధం అరువు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఒక్క మినహాయింపు. భర్త ఆమెపై చేయి చేసుకుంటున్నాడా అని నేరుగా అడిగి తెలుసుకోండి. అవునంటే ఇది ధ్యానంతోనూ, ఓర్పుతోనూ తేలే విషయం కాదు. ముందు ఆమె సురక్షితమైన చోట ఉండాలి. చట్టం సాయం తీసుకోవాలి. అప్పుడు ఏ వేళ ఫోను చేసినా ఎత్తండి.

ధ్యానానికి పది నిమిషాలు చాలు. ‘నేను క్షేమంగా ఉండాలి, నా మనసు కుదుటపడాలి’ అని మీకోసం అనుకోండి. సిగ్గుగా, స్వార్థంగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. తర్వాత మీకు చదువు చెప్పిన ఒక మంచి మనిషిని తలచుకోండి. నిద్రలేమి ఇంకా కొన్ని వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి. అమ్మ దగ్గర వారంలో ఒక పూటైనా ఇంకొకరు ఉండే ఏర్పాటు ఈ వారమే చేసుకోండి. అడిగితే వచ్చేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, మీరే ఇంకా అడిగినట్టు లేరు. మొదటి నెలంతా చెల్లెలి పేరు ధ్యానంలోకి తేకండి.