దిగులు నోట్‌బుక్ మొదలుపెట్టిన మేనకోడలికి

చిన్నీ,

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కి మళ్లీ చదువుతున్నావనీ, ఈసారి దిగులునీ ఒక పద్ధతిలో పట్టుకుందామని నోట్‌బుక్ కొన్నావనీ మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉందే. భయమూ వేసింది, నువ్వు ఏ బరువైనా ఒక్కదానివే మోస్తావు గనుక.

పద్ధతి తేలికే. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, దిగులు నూటికి ఎంత అన్నది రాయి. ఆ మాటకు సాక్ష్యమేముందో, ఎదురుసాక్ష్యమేముందో రాసి, రెండిటికీ సరిపడే కొత్త వాక్యం ఒకటి రాసుకో. దిగులు మళ్లీ ఎంతుందో చూడు. 80 కాస్తా 60కి దిగినా చాలు.

చాలామంది ఆ కొత్త వాక్యం దగ్గరే దెబ్బతింటారు. "అంతా మన మంచికే", "ఈసారి ఉద్యోగం ఖాయం" అని రాసేస్తారు. మనసు నమ్మదు. దిగులు అలాగే ఉంటుంది, పైగా "ఇది కూడా నాకు చేతకాలేదు" అన్న బెంగ తోడవుతుంది. మాక్ టెస్టులో మార్కులు తగ్గి "నేను దేనికీ పనికిరాను" అనిపించిందనుకో. "ఎకానమీలో పోయాయి, పాలిటీలో నిలబడ్డాయి, ఎకానమీ మళ్లీ చదవాలి" అని రాయి. ఆన్సర్ కీ పక్కన పెట్టుకుని సరిచూసుకోగల మాట అది, అందుకే మనసు ఒప్పుకుంటుంది. రాసిన వాక్యాన్ని నువ్వే సగం కూడా నమ్మకపోతే కొట్టేసి, ఇంకా చిన్నది రాయి.

ఏడుపు మింగెయ్యడాన్ని మాత్రం ఈ పద్ధతిలో కలపకు తల్లీ. జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వవేత్త 1998లో ప్రచురించిన ప్రయోగంలో, అసహ్యం పుట్టించే వీడియో చూస్తూ మొహంలో ఏదీ కనపడనివ్వని వాళ్లకు లోపలి అసహ్యం తగ్గలేదు, ఒంట్లో ఒత్తిడి పెరిగింది. ఆ వీడియో గురించి ఆలోచించే తీరు మార్చుకున్నవాళ్లకు అసహ్యమే తగ్గింది. నోట్‌బుక్‌లో నువ్వు చేసేదీ అలాంటిదే.

గుండె దడదడలాడుతుంటే నోట్‌బుక్ తెరవకు, అప్పుడు ఆలోచన సాగదు. కాసేపు నడిచొచ్చి రాయి. పక్క మంచం అమ్మాయి అర్ధరాత్రి దాకా ఫోన్లో మాట్లాడుతుంటే దానికి కొత్త అర్థం వెతుక్కుంటూ కూర్చోకు, గది మార్చుకో.

రెండు వారాలుగా రోజూ దిగులే అయితే, నిద్రా తిండీ తప్పితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా ఎత్తుతారు. ఆ తర్వాత నాకు చెయ్యి, తెల్లారేదాకా ఆగకు.

మీ అత్త