రేవులో ఓడ ఆగిన రోజు టూర్ తప్పనిసరి కాదు

విహార యాత్రలో (క్రూయిజ్‌లో) ఓడ రేవులో ఎనిమిది గంటలు ఆగే రోజున, ఒడ్డుపై తిప్పి చూపించే టూర్ బుక్ చేసుకోకపోతే ఆ రోజు వృథా అవుతుందేమోనని మీరు సందేహించారు. నా ఉద్దేశంలో అలా ఏమీ కాదు. ఉదయం అందరూ దిగడానికి బారులు తీరినప్పుడు మీరు ఖాళీ అయిన డెక్‌పై నిదానంగా అల్పాహారం ముగించి, రద్దీ తగ్గాక దిగి, దగ్గరలోని బీచ్‌లో గొడుగు నీడన రెండు మూడు గంటలు గడిపితే చాలు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మరోసారి రాసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఫోన్ తనంతట తానే స్థానిక సమయానికి మారిపోవచ్చు గానీ, తిరిగి ఎక్కవలసిన గడువును సాధారణంగా ఓడ గడియారం ప్రకారమే చెబుతారు; కాబట్టి చేతి గడియారాన్ని దిగే ముందే ఓడ సమయానికి సరిచేసుకోండి. సొంతంగా తిరిగేవారి కోసం ఓడ ఆగదు. చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చే రేవైతే, చివరి పడవ ఎప్పుడో కూడా అడిగి ఉంచుకోండి.