పాత పెళ్ళి సీడీలు తెరవాలంటే

చి॥ స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మానాన్నల పెళ్ళి సీడీలు ల్యాప్‌టాప్‌లో ఆడట్లేదని, ఏదో కోడెక్ ప్యాక్ (కుదించిన వీడియోని విప్పి చూపే కోడెక్‌ల మూట) దింపుకోమంటోందని రాశావు. ముందు ఆ డౌన్‌లోడ్ ఆపు. అలాంటి ప్యాకుల వెంట వైరస్‌లు రావడం మామూలే. నీకు కావలసింది వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వీఎల్‌సీ ఒక్కటే. అదీ దాన్ని తయారుచేసే వీడియోలాన్ వాళ్ళ సొంత సైటు నుంచే తీసుకో, గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కకు.

ఆ కాలం పెళ్ళి సీడీలు దాదాపు అన్నీ వీసీడీలే, అంటే వీడియో సీడీలు. తెరిస్తే నాలుగైదు ఫోల్డర్లుంటాయి. పెళ్ళి ఉండేది ఎంపెగ్‌ఏవీ అన్న ఫోల్డర్లో, డాట్ (.dat) ఫైలుగా. డాట్ అనగానే విండోస్‌కి అది వీడియో అని తెలియదు, దేనితో తెరవాలని నిన్నే అడుగుతుంది. నిజానికి లోపలున్నది ఎంపెగ్-1 అనే పాత పద్ధతి వీడియో. వీఎల్‌సీ మీదికి లాగి వదిలితే చాలు, ఆడుతుంది. ఫైలు పేరు చివర చుక్క ఉంచి, dat తీసేసి ఎంపీజీ (mpg) అని మార్చినా చాలాసార్లు పనవుతుంది.

అసలు చిక్కు కాపీ చేసేటప్పుడు. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకి (డిస్కు మీది చిన్న గడికి) 2048 బైట్ల సమాచారం పెట్టి, మిగతా చోటు తప్పులు దిద్దుకోవడానికి ఉంచుతారు. వీసీడీలో సినిమా ఎక్కువసేపు పట్టాలని ఆ దిద్దుబాటు తగ్గించి 2324 బైట్లు నింపారు. అందుకే చిన్న గీతకే కాపీ సగంలో ఆగి సైక్లిక్ రిడండెన్సీ ఎర్రర్, అంటే సరిగ్గా చదవలేకపోయానని, అంటుంది. టెన్షన్ పడకు. డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు తిన్నగా తుడువు, గుండ్రంగా రుద్దకు. తరవాత వేరే డ్రైవులో పెట్టి చూడు. ఒక డ్రైవు చదవనిది ఇంకోటి చదువుతుంది. కిందివైపు గీతలకి ఆశ ఉంది కానీ, పేరు రాసే పైవైపు లోతుగా గీసుకుపోతే ఆ భాగం పోయినట్టే, మెరిసే పొర ఉండేది అక్కడే.

మీ ఓణీల ఫంక్షన్ డీవీడీ సంగతి వేరు. అందులో వీఓబీ అనే వీడియో ఫైళ్ళు ఒక్కోటి 1 జీబీకి మించవు కాబట్టి ఫంక్షన్ ముక్కలై కనిపిస్తుంది. వాటిని విడివిడిగా ఆడించకు. వీడియో‌టీఎస్ ఫోల్డరు మొత్తం కాపీ చేసి, వీడియో మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో ఆ ఫోల్డరునే చూపించు, ఒకే ఎంపీ4 చేసిస్తుంది. మనుషులు కదిలినప్పుడు అడ్డగీతలు కనిపిస్తే అందులోనే వాటిని తీసే డీఇంటర్‌లేస్ పెట్టుకో.

ఏవీఐ ఫైళ్ళ దగ్గరే అందరూ తికమకపడతారు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు పోసుకున్నట్టు, పైన పేరు ఏవీఐ, లోపల కోడెక్ మాత్రం డివ్‌ఎక్స్ ఉండొచ్చు, ఇండియో ఉండొచ్చు, క్యామ్‌కార్డర్ డీవీ ఉండొచ్చు. మాట వినిపిస్తూ బొమ్మ రాకపోతే ఫైలు పాడైందనుకోకు. వీఎల్‌సీలో కంట్రోల్ పట్టుకుని జె నొక్కితే లోపల ఏ కోడెక్ ఉందో చెప్పేస్తుంది. ఇండెక్స్ పాడైందని అడిగితే సరిచేయమను. ఆ సరిచేయడం చూసినంతసేపే, ఫైలు మారదు. తమ్ముడి పాత నోకియాలో తీసిన 3జీపీ క్లిప్పుల్లో గొంతు రాకపోతే అందులోని ఏఎంఆర్ అనే పాత ఫోన్ల ఆడియో వల్ల. అవీ వీఎల్‌సీలోనే పెట్టు.

ఇంకోమాట. నీ ఫ్రెండు ఆ పెళ్ళి వీడియోని హెచ్‌డీ చేసిస్తానన్నాడు అన్నావు. వీసీడీ బొమ్మ 352కి 288 చుక్కలు, అంతే. దాన్ని ఎంత సాగదీసినా లేని ముఖకవళికలు పుట్టుకురావు. డబ్బు దండగ. డాట్ ఫైళ్ళు నిమిషానికి 10 ఎంబీ చొప్పున, పెళ్ళంతా కలిపినా పెన్‌డ్రైవులో మూలకి పడుంటుంది. అందుకని ఎంపీ4 చేసుకున్నా అసలు ఫైళ్ళు తుడిచెయ్యకు. తలంబ్రాల మీద తిరిగే ఎర్ర గుండెలు తీసేయొచ్చా అని అడిగావు. కుదరదమ్మా, అవి బొమ్మలో కలిసిపోయాయి. అప్పట్లో ఆ గుండెలు లేకపోతే వీడియో మిక్సింగ్ చేసినవాళ్ళకి డబ్బులిచ్చేవారు కాదు!

కాపీ అయ్యాక మొదటి రెండు నిమిషాలు చూసి సరిపెట్టుకోకు. మధ్యలో, చివర్లో కూడా ఆడించి, మంత్రాలకీ పెదాలకీ పొత్తు కుదిరిందో లేదో చూడు. రెండో డిస్కు ఇంకా మొండికేస్తే కొరియర్‌లో పంపొద్దు, దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా. పాత సీపీయూలో డ్రైవు ఇంకా పనిచేస్తోంది.

మీ పెదనాన్న