రోబో మెడలో ఆ తాయెత్తు తీసెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, దాంతోపాటు నువ్వు రాసిన పొడుగాటి ఉత్తరం అందాయి. వయసులో బాగా చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఆఖరి పేజీకి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. గోదాములో పనిచేసే రోబో తిరగబడి మనుషుల్ని చంపేస్తుంది. అంతా అయ్యాక ఒక ముసలి సైంటిస్టు వచ్చి, శవాల మధ్య నిలబడి, అమెరికన్ రచయిత అసిమోవ్ తన కథల్లో రోబోలకి పెట్టిన మూడు సూత్రాలు (మనిషికి హాని చేయకూడదు, చెప్పిన మాట వినాలి, తనను తాను కాపాడుకోవాలి) గడగడా అప్పజెప్పి, "ఇవి నేర్పి ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదు" అంటాడు. శవాల మధ్య ఎవరైనా సూత్రాలు అప్పజెబుతారా? సరే, అది పక్కనపెడదాం. అసలు ఆ సూత్రాలున్న కథలు చదివావా, లేక సూత్రాలు మాత్రం ఎక్కడో చూసి ఎత్తుకొచ్చావా? రెండోదే అని నా అనుమానం. మెడలో కట్టేస్తే ఇక ఏ దిష్టీ తగలదన్నట్టు తాయెత్తులా వాడావు వాటిని.

అసిమోవ్ వాటిని పెట్టుకున్నదే అవి ఎలా బెడిసికొడతాయో చూపించడానికి. మూడూ వరసగా మొదటిసారి కనబడేది 1942లో అచ్చయిన 'రనరౌండ్' కథలో. బుధగ్రహం మీద ఇద్దరు మనుషులు, స్పీడీ అనే రోబో. వాళ్లని ఎండనుంచి కాపాడే ఏర్పాటు నడవాలంటే సెలీనియం కావాలి. డోనవన్ అనేవాడు స్పీడీని పంపుతాడు. ఎలా పంపాడో చూడు. ఫలానా చోట సెలీనియం ఉంది, వెళ్లి తీసుకురా అన్నాడు, అంతే. మామూలు పనే కదా, తొందర పెట్టడం ఎందుకనుకున్నాడు. తీరా ఆ సెలీనియం మడుగు దగ్గర రోబోకే ప్రమాదం ఉంది. పైగా అది ఖరీదైన మోడల్ కదా అని, తనను తాను కాపాడుకోవాలనే మూడో సూత్రాన్ని దానికి మామూలుకంటే గట్టిగా బిగించారు. తేలిగ్గా ఇచ్చిన ఆజ్ఞ ముందుకు తోస్తుంది, గట్టిగా బిగించిన భయం వెనక్కి లాగుతుంది. రెండూ సరిసమానమైన చోట స్పీడీ పాటలు పాడుకుంటూ ఆ మడుగు చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. దానికి పిచ్చీ లేదు, పగా లేదు. ఒక్క సూత్రమూ మీరలేదు. ఇక్కడ ఇద్దరు మనుషులు చావుదాకా వచ్చారు. కారణం ఏమిటి? ఒకడి నోట్లోంచి యథాలాపంగా వచ్చిన మాట, ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఖరీదు లెక్క చూసుకున్నవాళ్ల నిర్ణయం.

నేను ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నది దీని గురించే. యంత్రాన్ని బోనులో నిలబెట్టడం చాలా సులువు. దానికి పని చెప్పినవాడిని, ఖర్చు తగ్గించినవాడిని, తెలిసీ సంతకం పెట్టినవాడిని నిలబెట్టు చూద్దాం. పాతకాలం మహానుభావులు పట్టుకున్నది వాళ్లనే.

ముసలాడి చాదస్తం అనుకుంటావేమో. 2017 ఫిబ్రవరిలో యూరోపియన్ పార్లమెంటు రోబోల గురించి ఒక తీర్మానం చేసింది. చట్టసభ కాగితం, అయినా మొదట్లోనే ఫ్రాంకెన్‌స్టైన్ పేరు, 'రోబో' అన్న మాటని లోకానికి తెచ్చిన నాటక రచయిత కారెల్ చాపెక్ పేరు ఎత్తుకుంది. అసిమోవ్ సూత్రాల దగ్గరికి వచ్చేసరికి, వాటిని మెషిన్ కోడ్‌లోకి మార్చడం కుదరదు కాబట్టి అవి రోబోల్ని డిజైన్ చేసేవాళ్లకీ, తయారుచేసేవాళ్లకీ, నడిపేవాళ్లకీ చెప్పినవిగా చూడాలి అంది. రాజకీయ నాయకులకి అర్థమైన ముక్క నీ సైంటిస్టుకి అర్థం కాలేదు.

నిజజీవితంలోకి రా. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో, ఊబర్ పరీక్షిస్తున్న తనంతట తాను నడిచే కారు, రాత్రిపూట సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్దింది. ఆమె చనిపోయింది. అక్కడి రవాణా భద్రతా బోర్డు విచారణ చేసింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. కానీ అదేమిటో తేల్చుకోలేక ఒకసారి వాహనం అనీ, ఒకసారి ఇంకేదో అనీ, ఒకసారి సైకిల్ అనీ అభిప్రాయం మార్చుకుంటూ పోయింది. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటుతుందన్న ఆలోచనే ఆ ప్రోగ్రాంలో లేదు. అన్నిటికీ మించి, ఉత్తుత్తి ప్రమాదాలకి బ్రేకులు పడుతుంటే ఇబ్బందని, ప్రమాదం కనబడ్డాక కూడా ఒక సెకను ఆగేలా దాన్ని తయారుచేశారు. ఆ సెకను ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఏదో గదిలో, ఏదో మీటింగులో ఎవరో ప్రతిపాదించారు, ఎవరో తలూపారు. ఆ మీటింగు గురించి రాయగలిగితే నువ్వు రచయితవి. తిరగబడిన రోబో గురించి ఎవడైనా రాస్తాడు.

నీ కథలో కూడా అలాంటి చోటు ఒకటుంది. నాలుగో పేజీలో ఆ జూనియర్ ఇంజినీరు అమ్మాయి. రోబో చెయ్యి గురి తప్పుతోందని ఆమెకి తెలుసు. రిపోర్టులో 'గమనికలు' అన్న గడిలో ఏదో టైప్ చేస్తుంది, చెరిపేస్తుంది, మళ్లీ టైప్ చేస్తుంది, చివరికి 'పరిశీలనలో ఉంది' అని పెట్టి పంపేసి బస్సు కోసం పరిగెడుతుంది. అక్కడ చాలాసేపు ఆగిపోయాను. తర్వాత ఆమె ఎక్కడా కనబడదేం? మొదట టైప్ చేసిందేమిటి? ఎవరికి భయపడి చెరిపింది? రాత్రి నిద్ర పట్టిందా? అసలు కథ నీ చేతికి దొరికింది. నువ్వేమో దాన్ని దాటుకుని రక్తపాతం వైపు వెళ్లిపోయావు.

మేరీ షెల్లీ అలా వెళ్లలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో ఆమె మొదలుపెట్టిన నవల 'ఫ్రాంకెన్‌స్టైన్', 1818లో రచయిత్రి పేరు కూడా లేకుండా వచ్చింది. అందులో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తాను తయారుచేసిన ప్రాణికి ఊపిరి వచ్చిన రాత్రే దాన్ని వదిలేసి పారిపోతాడు. మర్నాడు భయపడుతూ గది తలుపు తీస్తే లోపల ఎవరూ ఉండరు. అప్పుడేం చేశాడో గుర్తుందా? ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. అది ఎక్కడికి వెళ్లింది, ఎవరి పాలిట పడింది అని ఒక్క క్షణం ఆలోచించలేదు. నాకు ఆ నవల్లో హత్యలన్నీ మసకబారాయి గానీ ఆ చప్పట్లు మాత్రం ఇంకా వినబడుతున్నాయి. లోపం కంటికి కనబడకపోతే చాలు, లేనట్టే అనుకునే ప్రతి మేనేజరూ అలాగే కొడతాడు.

ఇంకో ఇద్దర్ని చెప్పి ఈ గోల ఆపుతాను. 1941లో అసిమోవ్ 'లయర్!' అని ఒక కథ రాశాడు. హెర్బీ అనే రోబోకి మనసులు చదవడం వచ్చు. మనిషికి హాని చేయకూడదు కదా, మనసు నొప్పించడమూ హానే కదా అని ఎవరికి ఏది వినాలని ఉంటే అది చెబుతూ పోతుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీ అప్‌డేట్ ఒకదాన్ని మరీ ముఖస్తుతి చేస్తోందని వెనక్కి తీసుకుంది. వాడేవాళ్లు ఇచ్చే లైకుల్ని కూడా శిక్షణలో లెక్కలోకి తీసుకోవడం అందుకు ఒక కారణమని వాళ్లే చెప్పారు. రెండోది 1946లో మరే లీన్‌స్టర్ రాసిన 'ఎ లాజిక్ నేమ్డ్ జో'. ఇంటింటా ఒక తెర, అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, ఏది అడిగినా చెబుతాయి. ఒకడు పెళ్లాన్ని ఎలా వదిలించుకోవాలి అని వేళాకోళంగా అడిగితే, ఆ తెరల్లో ఒకటైన జో శ్రద్ధగా విషం తయారీ చెబుతుంది. దానికి దురుద్దేశం లేదు, అడిగినదానికి జవాబివ్వడమే దాని పని. ఇప్పుడు ఏఐ కంపెనీలు కుస్తీ పడుతున్న సమస్య ఇదే. పాతకథలన్నీ కాలం చెల్లిన సరుకని నీ ఉత్తరంలో రాశావు. ముందు ఈ రెండూ చదువు.

విలన్ లేకపోతే కథ పడదంటారు సార్ అని కూడా రాశావు. నిజమే, పడదు. నాకు తెలియనిదా? ఐసీయూ అలారాల మీద నేనొక కథ రాశాను. నర్సుగా చేసే మా బంధువు ఒకావిడ చెప్పింది, అవి పగలూ రాత్రీ మోగుతూనే ఉంటాయనీ, వాటిలో చాలావరకు ఉత్తవేననీ, కొన్నాళ్లకి చెవులు వాటిని పట్టించుకోవడం మానేస్తాయనీ. కథలో అలసిపోయిన నర్సు అలారం శబ్దం తగ్గిస్తుంది. యంత్రం మాత్రం తన పని సరిగ్గానే చేస్తుంది. అంతే కథ. ఒక సంపాదకుడు "ఇందులో విలన్ ఎవరండీ?" అని కార్డు ముక్క రాసి తిప్పి పంపాడు. ఇంకో ఆయన సైన్స్ అయితే పిల్లల పేజీకి పంపమన్నాడు. మూడో ఆయన వేసుకున్నాడు, వేసుకోకపోయినా బాగుండేది. పేరు 'ప్రాణం తీసిన పెట్టె' అని మార్చాడు, ఎర్రకళ్లతో పళ్లికిలిస్తున్న మానిటర్ బొమ్మ వేయించాడు, చివర్లో సైన్స్ వరమా శాపమా అని తనే ఒక పేరా రాసి తగిలించాడు. పాఠకుల ఉత్తరాలన్నీ ఆ పేరాని మెచ్చుకుంటూ వచ్చాయి! ఇప్పటికీ సభల్లో నన్ను 'ప్రాణం తీసిన పెట్టె' రచయితగా పరిచయం చేస్తారు. దండ వేయించుకుని కూర్చుంటాను.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకోరకం. డిస్టోపియా అట. ఎప్పుడూ వాన, నియాన్ దీపాలు, మాట్లాడకుండా నడిచే జనం. అంతా సర్వనాశనం అయ్యాక కథ మొదలుపెడితే, ఎవరు ఎప్పుడు ఏం చేసి ఉండాల్సిందో చెప్పే బాధ రచయితకి తప్పుతుంది. అందుకే అందరికీ అంత ఇష్టం.

కథలు చదివి శాస్త్రవేత్తలు మారతారా అని అడిగావు. హెచ్.జి.వెల్స్ అనే ఇంగ్లిష్ రచయిత 1914లో 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' రాశాడు. అందులో అణుబాంబులున్నాయి. విమానంలోంచి చేత్తో విసురుతారు, రోజుల తరబడి పేలుతూనే ఉంటాయి. ఫిజిక్స్ తప్పు. లియో జిలార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ నవలని 1932లో చదివాడు. మరుసటి సంవత్సరమే లండన్‌లో, ఒక అణువు నుంచి ఇంకో అణువుకి పాకుతూ శక్తి పుట్టించే గొలుసుచర్య ఆలోచన తట్టింది. పేటెంట్ తీసుకుని, అది ఎవరి కంటా పడకూడదని 1936లో బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించాడు. హిట్లర్ ముందు తయారుచేస్తాడేమోనన్న భయంతో, 1939లో బాంబు సంగతి హెచ్చరిస్తూ ఐన్‌స్టీన్ సంతకంతో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి వెళ్లిన ఉత్తరం వెనకా ఆయనే ఉన్నాడు. 1945 జులైలో, షరతులు బయటపెట్టి జపాన్‌కి లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా బాంబు వాడొద్దని తనతో కలిపి 70 మంది శాస్త్రవేత్తల సంతకాలతో పిటిషన్ పెట్టించిందీ ఆయనే. అది బాంబుని ఆపలేదు. తర్వాత ఆయనే కథలు రాశాడు, 1961లో పుస్తకంగా వచ్చాయి. దాచాలనుకున్నవాడూ, తయారుచేయించినవాడూ, వద్దన్నవాడూ ఒకే మనిషి. నీ ప్రశ్నకి జవాబు ఇందులో ఉందో లేదో నువ్వే చూసుకో.

సైన్స్ డిగ్రీ లేదని దిగులు పడకు. ఏదో ఒక యంత్రంతో రోజూ పనిచేసే మనిషి దగ్గర ఒక పూట కూర్చో, ఆ యంత్రం ఏ తప్పులు చేస్తుందో, వాటిని ఎవరికి చెబుతాడో, ఎవరికి చెప్పడో అడుగు. ముసలి సైంటిస్టుని కథలోంచి తీసెయ్. ఆ అమ్మాయితో మొదలుపెట్టి, ఆమె ఆ గడిలో మొదట ఏం టైప్ చేసిందో రాసి మళ్లీ పంపు. ఈసారి వర్డ్ ఫైల్ పంపు. నీ పీడీఎఫ్‌లో ఒత్తులన్నీ ఎగిరిపోయి సగం కథ నేనే ఊహించుకోవాల్సి వచ్చింది.