టెక్ సందేహాలు: 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో నిజంగా ఉన్నదెంత?

ప్రశ్న: ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకున్నా. కేబినెట్‌తో వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉంది. 115 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కొని, దాని 8 పిన్నుల కనెక్టర్‌కు మోలెక్స్ (పాతరకం నాలుగు పిన్నుల ప్లగ్గు) కన్వర్టర్ తగిలించా. గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే రీస్టార్ట్ అవుతోంది. రెండుసార్లు విండోస్ వేయించినా తగ్గలేదు. షాపువాళ్లు 850 వాట్లది కొనమంటున్నారు. అంత అవసరమా?

జవాబు: అవసరం లేదు. విండోస్ మళ్లీ వేయించాల్సిన పనీ లేదు. ఈ ఫిర్యాదు ఎడతెగకుండా వస్తోంది, ప్రతిసారీ ముందు విండోస్ మీదే పడుతున్నారు. బ్లూ స్క్రీన్ రాకుండా ఠక్కున ఆగిపోయి, విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 (సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందన్న నమోదు) తప్ప మరేమీ కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌నే.

కేబినెట్ పక్క డోర్ తీసి లేబుల్ చూడండి. పెద్దక్షరాల్లో ఉన్న 450ని వదిలేసి, 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చదవండి. దాన్ని 12తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఆ లైను మీదే. కేబినెట్‌తో అంటగట్టే రకాల్లో అక్కడ తరచూ 14, 16 ఆంపియర్లే ఉంటాయి. 16 అంటే 192 వాట్లు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్ల మీద చూపించి కూడేసిన లెక్క. ఈనాటి కంప్యూటర్‌కు ఆ లైన్లతో పెద్దగా పనిలేదు. ఇలాంటిదాన్ని 450 అని అమ్మడం మోసం, ఇంకో మాట లేదు.

ఇప్పుడు మీ ఖర్చు చూద్దాం. 65 వాట్లని రాసి ఉన్న ప్రాసెసర్ కూడా టర్బోలో, అంటే తనంతట తాను వేగం పెంచుకున్నప్పుడు, 150 వాట్ల దాకా లాగొచ్చు. కార్డు 115. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు 50 వేసుకోండి. మొత్తం 315. పైగా గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటు కొన్ని మిల్లీసెకన్ల పాటు చాలా పైకి ఎగురుతుంది. మీకు 550 వాట్లది చాలు, కానీ 12 వోల్టుల లైన్ మీద 45 ఆంపియర్లు, అంటే 540 వాట్లు ఉండాలి. దాని మీద ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 (ఎస్‌ఎంపీఎస్‌ల కొత్త ప్రమాణాలు) అని ఉంటే ఆ కుదుపులను తట్టుకునేలా చేశారన్నమాట. ఐదేళ్ల కన్నా తక్కువ వారంటీ ఉన్నది తీసుకోకండి. 850 జోలికి వెళ్లాల్సింది 300 వాట్లు దాటిన కార్డు కొనేవాళ్లే.

ఎస్‌ఎంపీఎస్ కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ గుర్తులో బ్రాంజా, గోల్డా అని అడుగుతుంటారు. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం సామర్థ్యం చూపాలి. 300 వాట్ల వాడకం మీద తేడా 20 వాట్లు. ఆ గుర్తు చెప్పేది అంతవరకే, షార్ట్ అయితే కాపాడుతుందా లేదా అన్నది అది చెప్పదు.

మోలెక్స్ కన్వర్టర్ మాత్రం ఇవాళే తీసేయండి. 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్ల దాకా ఇవ్వాలి, అంటే 12.5 ఆంపియర్లు. మోలెక్స్‌లో 12 వోల్టులకు ఉన్నది ఒకే పిన్ను, దాని తాహతు సుమారు 11 ఆంపియర్లు. తెల్ల ప్లాస్టిక్ పిన్ను చుట్టూ గోధుమరంగుకు తిరిగిందేమో చూడండి. సాటా (డిస్కులకు కరెంటిచ్చే ప్లగ్గు) నుంచి తీసే కన్వర్టర్ ఇంకా ప్రమాదం, ఒక సాటా ప్లగ్గు మోయగలిగేది 54 వాట్లే.

కొత్త ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం) అయితే దాని కేబుళ్లే వాడండి. బోర్డు వైపు కొన ఏ కంపెనీదైనా ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకు మాత్రం ప్రమాణమే లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా పిన్నుల వరస మారొచ్చు. పాత కేబుల్ చక్కగా అమరిపోతుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చి ఎస్‌ఎస్‌డీ పోతుంది, డేటాతో సహా. సరిపడని కేబుల్ అసలు దూరకుండా చేయడం తయారీదారులకు చిన్న పని. అయినా ఇన్నేళ్లుగా పట్టించుకోవడం లేదు.

ప్రశ్న: కేబినెట్ తాకితే జివ్వుమంటోంది. చెప్పులుంటే తెలియడం లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?

జవాబు: ముందు ఎర్త్ చూపించండి. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్‌ను, న్యూట్రల్‌ను బాడీకి కలుపుతాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద దాదాపు 115 వోల్టులు నిలుస్తాయి. కరెంటు అతి తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తోంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున అదే బాడీ మీద మొత్తం 230 వోల్టులు ఉంటాయి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చేవాళ్లు ఇంట్లో పిల్లల ప్రాణాలతో ఆడుకుంటున్నారు. ఆ బాక్సులు అమ్మడమే ఆపాలి.

ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు లోపు రావాలి. అంతటితో సరిపెట్టుకోకుండా సాకెట్ విప్పించి చూడండి. కొందరు ఎర్త్ గొయ్యి తవ్వకుండా సాకెట్ వెనకే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తారు. మీటరు బాగానే చూపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కేబినెట్ మొత్తం ఫేజ్ అవుతుంది. ఆకుపచ్చ వైరు విడిగా గొయ్యి దాకా వెళ్లాలి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉండాలి.

ప్రశ్న: ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ ఆగిపోతోంది.

జవాబు: చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అందులో పెట్టండి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ. ఫుల్ లోడు మీద ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబెట్టేది 16 మిల్లీసెకన్ల దరిదాపుల్లోనే. మోడ్ మార్చినా ఆగిపోతుంటే కంప్యూటర్ ఒక్కదానికి విడిగా సైన్‌వేవ్ (మామూలు కరెంటు లాంటి అల ఇచ్చే) యూపీఎస్ తీసుకోండి.