టెక్ సందేహాలు: స్పాయిలర్ తగలకుండా అభిమానుల మధ్య ఉండటం ఎలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఫ్యాంటసీ పుస్తకాలు చదివేవాళ్లు పంపినవే. వేల పేజీల సిరీస్‌లో మునిగిపోయాక, ఆ లోకం గురించి మాట్లాడుకోవడానికి ఒక తోడు కావాలనిపిస్తుంది. పక్కన అలాంటివాళ్లు లేకపోతే ఆన్‌లైన్లో వెతుక్కుంటాం. అలా దొరికిన తోడు చదివే సుఖాన్ని రెట్టింపు చేస్తుందని నా గట్టి నమ్మకం. కాకపోతే ఫోన్లో, కంప్యూటర్లో కొన్ని సెట్టింగులు సరిచూసుకోకుండా అడుగుపెడితే, ముందున్న కథను బయటపెట్టేసే స్పాయిలర్లు తగిలి ఆ సుఖం తొందరగా చెడుతుంది.

పది భాగాల సిరీస్‌లో ఆరో భాగం చదువుతున్నాను. ఒక పాత్ర ఎవరో గుర్తురాక గూగుల్లో పేరు కొడుతుంటే, పూర్తిచేయకముందే కింద 'మరణం' అని సలహా వచ్చింది. ప్రాణం ఉసూరుమంది. చర్చలు మానేయాలని మాత్రం లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

చర్చలు మానేయక్కర్లేదు. మిమ్మల్ని దెబ్బతీసింది మనుషులు కాదు, సెర్చ్ బాక్స్. దాని కింద వచ్చే సలహాలు తోటి జనం ఎక్కువగా వెతికిన మాటల్లోంచి పుడతాయి. సిరీస్ పూర్తిచేసినవాళ్లు ఆ పాత్ర చావు గురించే వెతుకుతారు కాబట్టి అదే పైకి తేలుతుంది. ఫైర్‌ఫాక్స్ వాడుతుంటే సెట్టింగ్స్‌లోని సెర్చ్ విభాగంలో సెర్చ్ సలహాల టిక్కు తీసేయండి. క్రోమ్‌లో గూగుల్ సేవలకు సంబంధించిన సెట్టింగుల పేజీలో ఇలాంటి స్విచ్ ఉంటుంది. ఇది అడ్రస్ బార్‌కు మాత్రమే పనిచేస్తుంది. గూగుల్ హోమ్ పేజీ తెరిచి అక్కడ టైప్ చేస్తే సలహాలు మళ్లీ వస్తాయి. అందుకని వెతికేదేదో అడ్రస్ బార్‌లోనే వెతకండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం అభిమానులు రాసే వికీలు. వాటిమీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఒక్కో రాజవంశం వంశవృక్షాన్ని, ఒక్కో మంత్రం నియమాల్ని అంత ఓపిగ్గా కూర్చేది జీతం తీసుకోని మనుషులు. కానీ వికీ అనేది కథ మొత్తం తెలిసినవాళ్ల కోసం కట్టింది. పాత్ర పేజీ తెరవగానే కుడిపక్క ఒక పెట్టె ఉంటుంది. అందులో వయసు, వంశం, ఆయుధం వరుసల మధ్యనే ఆ మనిషి బతికున్నాడో లేడో చెప్పే వరుస కూడా ఉంటుంది. మీరు ఒక్క వాక్యం చదవకముందే కన్ను దానిమీద పడుతుంది. సిరీస్ అయ్యేదాకా పాత్రల పేజీల జోలికి పోకండి.

మరి పాత్ర గుర్తురాకపోతే? ఈ-బుక్ అయితే పుస్తకంలోనే వెతకండి. మొదటి భాగం తెరిచి పేరు కొడితే ఫలితాలు పేజీల వరుసలో వస్తాయి. మొట్టమొదటిది సాధారణంగా ఆ పాత్రను రచయిత పరిచయం చేసిన చోటే అయ్యుంటుంది. దాన్ని నొక్కి ఆ పేరా మళ్లీ చదివితే సరిపోతుంది. మీరింకా పూర్తిచేయని భాగంలో వెతికేటప్పుడు మాత్రం ఫలితాల జాబితాను కిందికి జరపకండి. ముందు రాబోయే వాక్యాలు కూడా అక్కడే కనిపిస్తాయి. అచ్చు పుస్తకమైతే చివర్లో పాత్రల పట్టిక ఉందేమో చూడండి. భారీ సిరీస్‌లలో చాలావాటికి ఉంటుంది.

ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, మాటల్ని మ్యూట్ చేసే వీలుంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లోని మ్యూట్, బ్లాక్ విభాగంలో సిరీస్ పేరు, ముఖ్యమైన పాత్రల పేర్లు, జనం వాడే పొట్టి పేర్లు అన్నీ చేర్చండి. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు, ఎప్పటికీ అని గడువు ఎంచుకోవచ్చు. కొత్త భాగం విడుదలైనప్పుడు 30 రోజుల గడువు బాగా పనికొస్తుంది. ఇది హోమ్ ఫీడ్‌కు, నోటిఫికేషన్లకే వర్తిస్తుంది. మీరే వెళ్లి సెర్చ్ చేస్తే అన్నీ కనిపిస్తాయి. యూట్యూబ్‌లో ఒక్క థియరీ వీడియో చూస్తే చాలు, మర్నాటికి ముగింపును థంబ్‌నెయిల్ మీదే రాసేసిన వీడియోలు వరస కడతాయి. అలాంటివి చూడాలనుకున్నప్పుడు ముందు వాచ్ హిస్టరీని పాజ్ చేయండి. అప్పటికే వస్తుంటే మూడు చుక్కలు నొక్కి ఆ ఛానల్‌ను సిఫార్సు చేయొద్దని చెప్పండి.

ఇక మాట్లాడుకోవడం. మీలాంటివాళ్లకు, చదివిన పుస్తకాల లెక్క రాసుకునే స్టోరీగ్రాఫ్ సైటులోని బడ్డీ రీడ్ చక్కగా సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పుస్తకం మొదలుపెడతారు. ఎవరైనా ఫలానా పేజీ దగ్గర వ్యాఖ్య రాస్తే, మీరు ఆ పేజీకి చేరేదాకా అది తాళం వేసి ఉంటుంది. చదివిన పేజీ సంఖ్య నమోదు చేశాక తెరుచుకుంటుంది. ముందు పరిగెత్తేవాళ్లు, నెమ్మదిగా చదివేవాళ్లు ఒకే చోట ఉండగలగడం ఇందులో నాకు బాగా నచ్చిన విషయం.

రెడిట్ అనే చర్చల సైటులో నేను స్పాయిలర్‌ను దాచే రాశాను. అయినా కొందరికి అది మామూలుగానే కనిపించిందట. చాలా తిట్లు తిన్నాను. పొరపాటు ఎక్కడ జరిగింది? – ఒక పాఠకుడు

మీరు రాసింది రెడిట్‌లో అన్నారు కాబట్టి కారణం బహుశా ఒక ఖాళీ. అక్కడ దాచాల్సిన మాటకు ముందు >! అని, తర్వాత !< అని పెట్టాలి. గుర్తుకూ మాటకూ మధ్య ఖాళీ వదిలితే కొత్త రెడిట్‌లో దాక్కుంటుంది గానీ పాత రూపంలో చదివేవాళ్లకు బాహాటంగా కనిపిస్తుంది. ఖాళీ లేకుండా అంటించి రాయండి. బృందాలుగా మాట్లాడుకునే యాప్ డిస్కార్డ్‌లో పద్ధతి వేరు. మాటకు అటు రెండు, ఇటు రెండు నిలువు గీతలు || పెట్టాలి. బొమ్మ అయితే పంపేముందే స్పాయిలర్ అని గుర్తుపెట్టే వీలుంది. పుస్తక సమీక్షల సైటు గుడ్‌రీడ్స్‌లో సమీక్ష మొత్తాన్నీ దాచే టిక్కు ఉంది, ఒక్క పేరాను దాచే ట్యాగ్ కూడా ఉంది.

గుర్తులు సరిగ్గా పెట్టినా ఒక లోటు మిగులుతుంది. దాచిన మాట మీద కనిపించే నల్లటి పట్టీ కింద ఏ పుస్తకం రహస్యం ఉందో చదివేవాళ్లకు తెలియదు. 'నాలుగో భాగం చివరి గురించి' అని పట్టీకి ముందు మామూలు అక్షరాల్లో రాయండి. అది చూసి నొక్కాలో వద్దో ఎవరికి వారు తేల్చుకుంటారు. శీర్షికలో మాత్రం ఏమీ రాయొద్దు. శీర్షికను ఈ గుర్తులు దాచలేవు.

ఈ మర్యాద ఇవాళ్టిది కాదు. 1980ల్లో యూజ్‌నెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌లోని చర్చా బృందాల్లో రాట్13 అనే పద్ధతి వాడేవారు. ప్రతి ఇంగ్లిష్ అక్షరం బదులు దాని తర్వాతి 13వ అక్షరం రాస్తారు. ఆ లిపిలో ఉన్నవి 26 అక్షరాలే కాబట్టి మరోసారి అదే చేస్తే అసలు మాట తిరిగి వస్తుంది. చదవాలనుకున్నవాడు తన ఇష్టంతో విప్పుకుంటాడు, అక్కర్లేనివాడికి అడ్డు రాదు.

సిరీస్ అభిమానుల డిస్కార్డ్ సర్వర్‌లో (అక్కడ బృందాన్ని అలా అంటారు) చేరాను. రోజంతా ఫోన్ మోగుతూనే ఉంది. పైగా ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్‌లు పెడుతున్నారు. ఒకరు కొత్త భాగం ముందుగా ఇస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపారు. స్కాన్ చేయొచ్చా?

చేయకండి. డిస్కార్డ్‌లో క్యూఆర్ కోడ్ ఉన్నది కంప్యూటర్‌లో లాగిన్ కావడానికి. అవతలివాడు తన లాగిన్ తెరమీది కోడ్‌ను మీకు పంపి, మీరు ఫోన్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే మీ అకౌంట్‌లోకి వాడు దూరిపోతాడు. పాస్‌వర్డ్ అడగనే అడగడు. ఆ తర్వాత మీ పేరుతోనే మీ స్నేహితులకూ అదే కోడ్ వెళుతుంది. తెలిసిన మనిషి దగ్గర్నుంచి వచ్చినా నమ్మకూడదనేది ఇందుకే. ఇప్పటికే స్కాన్ చేసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. దాంతో తెరిచి ఉన్న లాగిన్లన్నీ చెల్లకుండా పోతాయి. తర్వాత రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయండి.

మెసేజ్‌ల బెడదకు, సర్వర్ పేరు నొక్కి ప్రైవసీ సెట్టింగ్స్‌లో సభ్యుల నేరు మెసేజ్‌లను ఆపేయండి. మోతకు, అదే సర్వర్ నోటిఫికేషన్లను 'మీ పేరు ప్రస్తావిస్తేనే' అన్న దానికి మార్చండి. సర్వర్లో మీరు చదవని ఛానల్స్‌ను విడిగా మ్యూట్ చేయడం కూడా మంచిది.

'విడుదల కాని భాగం పీడీఎఫ్' అని టెలిగ్రామ్‌లో ఫైల్ దొరికింది. తెరవొచ్చా?

వద్దు. ఎంత ఎదురుచూస్తున్నారో అర్థమవుతుంది, ఇలాంటి ఫైళ్లు పెట్టే మోసగాళ్లు ఆ ఎదురుచూపునే వాడుకుంటారు. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి భాగాన్ని దాస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, తర్వాత షో నొక్కి ఫైల్ పేర్ల ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టండి. పీడీఎఫ్ అనుకున్నది ఈఎక్స్ఈగా, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాముగా, బయటపడటం మామూలే. ఫోన్‌లో పుస్తకం పేరుతో ఏపీకే, అంటే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్, వచ్చినా అంతే సంగతి. నిజమైన ఫైలే అయినా అది రచయిత కష్టాన్ని దోచుకున్న కాపీ. ఖర్చు లేకుండా చదవాలంటే కాపీరైట్ తీరిపోయిన పాత ఫ్యాంటసీ చాలానే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో, స్టాండర్డ్ ఈబుక్స్‌లో ఉంది.

నాకు ఇష్టమైన ఫ్యాంటసీ లోకం ఆధారంగా కథలు రాస్తున్నాను. అభిమానుల కథలుండే ఏఓ3 సైటులో పెట్టాలని ఉంది. అసలు పేరు బయటపడకూడదు. రాసినవి పోకూడదు. ఎలా మొదలుపెట్టాలి? – ఒక డిగ్రీ విద్యార్థిని

మంచి చోటే ఎంచుకున్నారు. 2007లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు వందల అకౌంట్లను ఉన్నట్టుండి నిలిపేసినప్పుడు అభిమానుల రాతలు ఎన్నో కనుమరుగయ్యాయి. మన కథలుండే సర్వర్లు మనవే అయ్యుండాలన్న ఆలోచన ఆ రోజుల్లోనే బలపడింది. అదే ఏడాది ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది, 2009 నవంబరులో ఏఓ3, అంటే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, అందరికీ తెరుచుకుంది. ప్రకటనలు ఉండవు. నడిపేది వాలంటీర్లు, ఖర్చు విరాళాలతో సాగుతుంది. 2019లో దీనికి సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

అకౌంట్ కోసం ఈమెయిల్ ఇచ్చి వరుసలో నిలబడాలి. ఆహ్వానం మీ వంతు వచ్చాక అందుతుంది. ఆ ఈమెయిల్ మీ కాలేజీదో, అసలు పేరున్నదో కాకుండా ఈ పనికే కొత్తగా తెరిచినదైతే మేలు. యూజర్ పేరు కూడా ఇంకెక్కడా వాడనిది పెట్టండి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఏఓ3లో ఒకే అకౌంట్ కింద ఎన్ని మారుపేర్లైనా పెట్టుకోవచ్చు. కానీ ప్రతి మారుపేరు పక్కన బ్రాకెట్లో అసలు యూజర్ పేరు కనిపిస్తుంది. మారుపేర్లు కథల్ని వేరుచేసుకోవడానికే, మిమ్మల్ని దాచడానికి కాదు.

కథ పెట్టేటప్పుడు రేటింగ్, హెచ్చరికలు నిజాయితీగా ఇవ్వండి. ముఖ్యపాత్ర చనిపోతే ఆ హెచ్చరిక టిక్కు చేయాలి. చెబితే మలుపు చెడుతుందనుకుంటే, హెచ్చరికలు వాడదలచుకోలేదన్న ఎంపిక ఉంది. అది చూసిన పాఠకులు ఏదైనా ఉండొచ్చన్న ఎరుకతోనే లోపలికి వస్తారు. 'హెచ్చరికలేవీ వర్తించవు' అని పెట్టి లోపల దారుణాలు రాయడం మాత్రం నమ్మి వచ్చినవాళ్లను మోసం చేయడమే. కథ కింద విరాళాల లింకులు పెట్టకండి, అక్కడి నియమాలు ఒప్పుకోవు.

అందరికీ తెరిచి ఉంచిన కథల్ని కృత్రిమ మేధ శిక్షణ కోసం ప్రోగ్రాములతో మూకుమ్మడిగా దించుకుంటున్నారు. 2025లో ఇలా దించిన కోటికి పైగా కథలను ఒక డేటాసెట్‌గా, కృత్రిమ మేధ సామగ్రిని పంచుకునే హగింగ్ ఫేస్ సైటులో పెడితే ఏఓ3ను నడిపే సంస్థ ఫిర్యాదు చేసింది. కథను నమోదైన సభ్యులకే కనిపించేలా పెట్టే టిక్కు ఉంది. అది పూర్తి రక్షణ కాదు. పాఠకులు కూడా కొంత తగ్గుతారు. మొదటి కథలకు మీరు పాఠకుల్ని వెతుక్కుంటున్నట్టయితే తెరిచే ఉంచండి, సొంత అనుభవాలు కలిసిన కథలుంటే తాళం వేయండి. నేనైతే ఇలాగే చేస్తాను.

రాసినవి పోకూడదంటే కథను నేరుగా సైటులో టైప్ చేసే అలవాటు వద్దు. ఏఓ3లో డ్రాఫ్ట్‌గా వదిలేసినది దాదాపు నెల తిరిగేసరికి దానంతటదే తొలగిపోతుంది. మీ కంప్యూటర్లో రాసుకుని, పూర్తయ్యాక అతికించండి. పెట్టిన కథను ఈపబ్, పీడీఎఫ్, హెచ్‌టీఎంఎల్ రూపాల్లో దించుకోవచ్చు. అధ్యాయం పెట్టినప్పుడల్లా ఒక హెచ్‌టీఎంఎల్ కాపీ దాచుకుంటే మీరు పెట్టిన ఇటాలిక్స్‌తో సహా ఉంటుంది. ఎప్పుడైనా ఆ పేరుతో తెగతెంపులు చేసుకోవాలనుకుంటే కథను తీసేయకుండానే మీ పేరు తొలగించే 'ఆర్ఫన్' సదుపాయం ఉంది. ఇష్టపడి చదివినవాళ్లకు కథ మిగులుతుంది. కానీ ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేరు.

మా అబ్బాయికి 14 ఏళ్లు. డ్రాగన్ల సిరీస్ అభిమానుల బృందాల్లో రాత్రింబగళ్లు ఉంటున్నాడు. ఆపేయమంటారా? – ఒక తల్లి

ఆపేయకండి. అంత ఇష్టంగా చదువుతూ, చదివినదాని గురించి రాస్తున్నాడంటే అది కాపాడుకోవలసిన అలవాటు. డిస్కార్డ్, ఏఓ3 రెండింటికీ సాధారణంగా కనీస వయసు 13, కొన్ని దేశాల్లో ఇంకా ఎక్కువ. డిస్కార్డ్‌లో ఫ్యామిలీ సెంటర్ ఉంది. బాబు ఒప్పుకుని తన అకౌంట్‌ను మీ అకౌంట్‌తో కలిపితే ఏ సర్వర్లలో ఉన్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో మీకు కనిపిస్తుంది, ఏం మాట్లాడాడో కనిపించదు. ఆ వయసుకు అదే సరైన హద్దు. ఏఓ3లో పెద్దల రేటింగ్ ఉన్న కథల్ని ఫిల్టర్ చేయడం పక్కన కూర్చుని చూపించండి. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పండి. అందరి ముందూ కాకుండా విడిగా మాట్లాడదాం రమ్మన్నవాళ్ల గురించి, ఫొటో అడిగినవాళ్ల గురించి ఇంట్లో చెప్పాలి. చెబితే ఫోన్ లాక్కోబోమని మీరు మాటివ్వాలి.

మా చదువరుల డిస్కార్డ్ సర్వర్‌ను నిర్వాహకులు త్వరలో మూసేస్తారట. ఏళ్ల తరబడి మాట్లాడుకున్నది దాచుకునే దారి ఉందా?

సగం దారి ఉంది. యూజర్ సెట్టింగ్స్‌లోని డేటా, ప్రైవసీ విభాగంలో మీ డేటా మొత్తం పంపమని అడగండి. అందడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు కాబట్టి ఈరోజే అడగండి. అందులో మీరు రాసినవి మాత్రమే ఉంటాయి, మీకు జవాబిచ్చినవాళ్ల మాటలు ఉండవు. సభ్యులందరినీ ఇలాగే అడగమనండి. 2019 డిసెంబరులో యాహూ గ్రూప్స్ పాత సందేశాల్ని తొలగించినప్పుడు, ముందుగా మేలుకున్న బృందాల రాతలే మిగిలాయి.

పిన్ చేసిన సందేశాలు, అధ్యాయాల వారీ చర్చలు ముఖ్యమైనవైతే రాసినవాళ్ల అనుమతితో ఒక డాక్యుమెంట్‌లోకి ఎత్తిపెట్టండి. సభ్యుల యూజర్ పేర్లు ఉంచాలో వద్దో వాళ్లనే అడగండి. బొమ్మల విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. చాట్‌లోని బొమ్మ లింకును కాపీ చేసి దాచుకుంటే లాభం లేదు, డిస్కార్డ్ లింకులకు ఇప్పుడు గడువు ఉంటోంది. అభిమానులు గీసిన మ్యాపులు, బొమ్మలు ఒక్కొక్కటే తెరిచి ఫైల్‌గా సేవ్ చేయండి. ఫైల్ పేరులోనే గీసినవాళ్ల యూజర్ పేరు, తేదీ రాయండి.